రావద్దని చెప్పే రింగు

శ్యామలాంబ పిరికిది. ఈ మాట ఎవరూ చాటుగా అనరు, ఆవిడ మొహం మీదే అంటారు, ఆవిడా కాదనదు. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడుతుంది. ఉరుము వినపడితే "అర్జునా, ఫల్గుణా" అంటూ చూరు కిందికి దూరుతుంది. వశిష్ఠ గోదావరి గట్టు మీద, పడవలరేవు పక్కన ఆవిడకో టిఫిన్ కొట్టుంది. పెసరట్టు తిన్న ప్రతివాడూ "శ్యామలాంబగారూ, మీ వెనకాల బల్లండీ" అని ఆట పట్టించందే చెయ్యి కడుక్కోడు. ఆవిడ ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తుంది. లేదని తెలిసినా చూస్తుంది, ఎందుకైనా మంచిదని.

అంత పిరికిమనిషిని ఏరి కోరి ఊళ్లో అన్నిటికంటే పెద్ద పనికి పెట్టుకున్నారు నేరేడులంకవాళ్లు. లంకంటే ఎదురుగా ఏటి నడుమ ఉన్న ఊరు. కొబ్బరితోటలు, అరటి, కంద, గేదెలు, ఓ నలభై గడప. ఇవతలికి రావాలంటే బుల్లబ్బాయి ఇంజను పడవ ఒక్కటే దిక్కు. వరదల కాలంలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు ఎంతుందో కనిపెట్టి చెప్పడానికి గట్టు మీద ఒక మనిషి కావాల్సివచ్చింది. ఎవరా అని మీటింగు పెట్టుకుంటే బుల్లబ్బాయే తేల్చేశాడు.

"ధైర్యస్థుడికి అప్పగిస్తే 'ఆఁ, ఏం కాదులే' అని దుప్పటి కప్పుకుంటాడండి. భయపడేవాళ్లు కావాలి మనకి."

'ఏం కాదులే' సంగతి శ్యామలాంబకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మొగుడు చిట్టియ్య పడవ నడిపేవాడు. వరదొస్తే చాలు, పైనుంచి కొట్టుకొచ్చే దుంగలు పట్టడానికి నావేసుకుని నడి ఏట్లోకి పోయేవాడు. వద్దని కాళ్లు పట్టుకుంటే "ఏం కాదులేవే" అనేవాడు. ఒక వరదకి దుంగ అడ్డం తిరిగింది. మనిషి అంతర్వేది దగ్గర దొరికాడు. అప్పట్నుంచీ ఆ మాట ఎవరి నోట విన్నా ఆవిడ అక్కణ్నించి లేచిపోతుంది.

ఇంత తెలిసీ కూతురు నాగదుర్గని ఆ లంకకే ఇచ్చింది. ఇవ్వడమేంటి, ఇవ్వాల్సివచ్చింది. కిరణ్ అనే కుర్రాడు రోజూ పొద్దున్నే ఏరు దాటొచ్చి రెండేసి పెసరట్లు తినిపోతుంటే, తన చేతిరుచి అంత గొప్పదని మురిసిపోయింది పిచ్చితల్లి. తీరా చూస్తే వాడి కళ్లు పెసరట్టు మీద లేవు. ఇప్పుడు నాగదుర్గకి చంటిపిల్ల. పురిటికి వచ్చి, పోయిన నెలే పిల్లనెత్తుకుని అత్తారింటికి వెళ్లింది. అత్తగారు సూరమ్మ మాట కరుకేగాని మనిషి మంచిది.

లంకలో సెల్ సిగ్నల్ దేవుడి దయ. మాట సగం వినబడి సగం ఏట్లో పడుతుంది. పైగా ఫోనెత్తారంటే "ఎంతుందండి, ఎప్పటికొస్తదండి, మరి గడ్డివాము సంగతేంటండి" అని బేరాలు మొదలు. ఒక ఏడాది ఆ బేరాల్లోనే నీళ్లు గుమ్మాల్లోకి వచ్చేశాయి. అందుకని మాటలు మానేసి రింగులు పెట్టుకున్నారు. మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే పన్నెండడుగులకు పావు తక్కువ, దాటితే బుల్లబ్బాయి ఫోనుకి ఒక్క రింగిచ్చి కట్ చెయ్యాలి. జాగ్రత్తగా ఉండమని అర్థం. రెండో హెచ్చరికకి రెండు రింగులు: మూటలు కట్టుకోండి, గొడ్లని విప్పుకోండి. మూడోదానికి, పద్దెనిమిదికి పావు తక్కువకి, మూడు రింగులు. అప్పుడిక అడగడం, ఆలోచించడం లేదు. బుల్లబ్బాయి పళ్లెం మీద గరిటెతో కొట్టుకుంటూ వీధంతా తిరుగుతాడు. ముందు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు పడవెక్కాలి. మగవాళ్లు గొడ్లతో ఆగి రెండో దఫా రావాలి.

మొదట్లో టీవీ వార్తల్లో చూసి చెప్పేది. తర్వాత ఏదో కంపెనీవాళ్లు పుణ్యం కట్టుకుందామని రేవులో పెద్ద డిజిటల్ బోర్డు పెట్టించారు. దాని నిండా చేపల మేత ప్రకటనలు, దాత గారి నవ్వుమొహం. మధ్యమధ్యలో నీలం తెర మీద తెల్లంకెల్లో బ్యారేజీ నీటిమట్టం వచ్చేది. పోయినేడాది గాలివానకి బోర్డు కుడి అంచు ఒక జానెడు మేర వెలగడం మానేసింది. 'అడుగులు' అన్న మాట అందులో పోయింది. దాత గారి చెవి కూడా పోయింది. చెవి గురించి కంపెనీవాళ్లొచ్చి ఫోటో తీసుకుపోయారుగాని బాగు మాత్రం చెయ్యలేదు. అంకె కనపడుతోంది కదా, అది చాలనుకుంది శ్యామలాంబ.

ఆ రోజు శ్రావణ మాసపు మధ్యాహ్నం. ఏరు ఎర్రనీళ్లతో గట్టు దాకా వచ్చి సుళ్లు తిరుగుతోంది. పొద్దున బోర్డు మీద పదకొండూ చిల్లర చూసింది. అది మామూలే. భోజనాల వేళ దాటాక ఈదురుగాలి లేచింది, వెనకే వాన. రేవు ఖాళీ అయిపోయింది. కరెంటు పోయింది. చీకటి కొట్టులో కూచుని దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటుంటే కరెంటొచ్చింది, బోర్డు వెలిగింది. నీలం తెర, పైన ఇంగ్లీషులో రెండు వరసలు, మధ్యలో తెల్లంకె. పన్నెండు.

ఇంగ్లీషు ఆవిడకి రాదు. బోర్డు మీద ఇంగ్లీషు కొత్తా కాదు, మేత ప్రకటనలన్నీ అందులోనే. పక్కన చుక్కా చిల్లరా లేకపోయేసరికి సరిగ్గా పన్నెండన్నమాట అనుకుంది. ఫోను తీసి ఒక్క రింగిచ్చి కట్ చేసింది.

పిండిగిన్నె మీద మూతపెట్టి వచ్చేసరికి పద్నాలుగు.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పద్నాలుగే. పన్నెండు పద్నాలుగవ్వాలంటే మామూలు వరదకి పూటలు పడుతుంది. ఇదేంటి, గిన్నె మీద మూతపెట్టేంతలో రెండడుగులా? అంత వేగంగా నీళ్లు పెరగడానికి ఆవిడ భయానికి ఒక్కటే కారణం తోచింది. పైన పోలవరం. డెల్టాలో ఎవరూ పైకి అనకపోయినా, కట్ట దగ్గర ఏదైనా అయితే మన గతేంటన్న బెంగ వానాకాలం రాగానే అందరి కడుపులోనూ ఓ మూల మెసులుతుంది. అది కాస్తా శ్యామలాంబకి ఒళ్లంతా పాకింది. వెంటనే రెండు రింగులిచ్చింది.

ఏటివైపు చూస్తే నీరు పొద్దున ఉన్నట్టే ఉంది. దానికావిడ ధైర్యం తెచ్చుకోలేదు. బ్యారేజీ దగ్గర పెరిగిన నీరు ఇక్కడికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. పెరగని ఏరుని చూస్తేనే ఆవిడకి ఇంకా భయం వేసింది. పద్నాలుగు దగ్గర అంకె కాసేపు ఆగింది. వేంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకుంది. మొక్కు పూర్తవకుండానే అంకె మారింది. పద్దెనిమిది.

"దేవుడా, నా పిల్ల!" అని పెద్దగా అరిచింది. వినడానికి ఎవరూ లేరు. ఫోను రెండు చేతుల్తో పట్టుకుని మూడు రింగులిచ్చేసింది.

వానతెరలో అవతలి ఒడ్డు మసకమసకగా ఉంది. ఆవిడ తడుస్తూ గట్టు చివర నిలబడింది. కాసేపటికి కొబ్బరిచెట్ల సందులోంచి మనుషులు ఒడ్డుకి దిగడం కనబడింది. మొదటి రింగుకే మూటలు కట్టుకున్నట్టున్నారు. పడవ కదిలింది. అమ్మయ్య, ఎక్కేశారు, నీళ్లు రాకముందే వచ్చేస్తారు, అనుకుంది. అంత భయంలోనూ కొంచెం గర్వమేసింది. తన వల్ల అంతమంది బతుకుతున్నారు కదా మరి.

ఇంకెంత పెరిగిందో చూద్దామని బోర్డు వైపు తిరిగింది.

ముప్పై ఒకటి.

ఎనభై ఆరులో వచ్చిన వరద సంగతి ఆవిడ అత్తగారు చచ్చేదాకా చెప్పేది, చెట్లెక్కి బతికారట జనం. దానికి కూడా ధవళేశ్వరంలో ముప్పై రాలేదు. ముప్పై రావడమంటే ఇక గోదావరి జిల్లాలే ఉండవు. చూస్తుండగానే ముప్పై మూడయింది. ముప్పై ఆరయింది. అది నీరు కాదు. మరేంటో తెలీదుగాని నీరు మాత్రం కాదు.

అప్పుడే గ్రామ సచివాలయంలో పనిచేసే సారిక స్కూటర్ మీద వచ్చి కొట్టు చూరు కింద ఆపింది. గాలివానకి పడవలు ఆపించమని పైనుంచి ఫోనొచ్చిందట. రెయిన్‌కోటు టోపీ తీస్తుంటే శ్యామలాంబ ఆవిడ చెయ్యి పట్టుకుని బోర్డు వైపు తిప్పింది.

"అమ్మా, ఆ ఇంగ్లీషు ముక్కలేంటో కాస్త చదివి పెట్టమ్మా."

సారిక కళ్లు చిట్లించి చూసింది. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అండి. కరెంటు పోయి వచ్చింది కదా, లోపల కంప్యూటర్ కొత్త ప్రోగ్రాము ఎక్కించుకుంటంది. అయ్యేదాకా ఆపొద్దని రాసిందండి."

"మరా అంకె?"

"పని ఎంతవరకూ అయిందో చెప్తదండి, నూటికి. పక్కన శాతం గుర్తు ఆ వెలగని అంచులో పోయిందండి. నూరు వస్తే అయిపోయినట్టు."

"నీరు కాదా?"

"నీరెందుకండీ! నీరు పదకొండూ ముప్పై దగ్గరే ఉంది, ఇప్పుడే చూశాను ఫోన్లో. మొదటి హెచ్చరిక కూడా ఇవ్వలేదింకా." అని, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందండి పిన్నిగారూ?"

శ్యామలాంబ చెయ్యెత్తి ఏట్లోకి చూపించింది. సుళ్ల మధ్య, ఎదురుగాలిలో, నిండా జనంతో పడవ వస్తోంది.

ఇన్నేళ్లలో ఆవిడ పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఉరుమైతే చెవులు మూసుకోవచ్చు. ఇది తన చేత్తో తాను చేసిన పని. ఇళ్లలో పొయ్యి దగ్గర వెచ్చగా కూచున్నవాళ్లని, ఏ ఆపదా లేనివాళ్లని, తనే పిలిచి ఏట్లో పెట్టింది. కన్నకూతురిని పెట్టింది. నెలల పిల్లని పెట్టింది.

ఫోను చెయ్యబోయి ఆగింది. ఎన్ని రింగులివ్వాలి? రమ్మనడానికి లెక్కుంది. రావద్దని చెప్పడానికి లెక్క లేదు. ఎవరూ పెట్టుకోలేదు, ఆ అవసరం వస్తుందని ఏ తలకాయకీ తోచలేదు. లెక్క పక్కనపెట్టి పూర్తిగా మోగించింది. అందుబాటులో లేరని వచ్చింది. మోగినా ఎత్తేవాళ్లు లేరు, పడవెక్కితే ఫోన్లన్నీ ప్లాస్టిక్ సంచుల్లో మూటగడతారని ఆవిడకి తెలుసు. అయినా మళ్లీ చేసింది. నాగదుర్గకి చేసింది. సూరమ్మకి చేసింది.

తలమీద కొంగు లాగి రెండు చేతుల్తో ఊపడం మొదలుపెట్టింది. "ఎనక్కి పోండి! ఎనక్కి!" గాలి ఆ కేకని పెదాల దగ్గరే మింగేసింది. పడవలోంచి ఎవరో చెయ్యెత్తి తిరిగి ఊపారు. ఇంజను చప్పుడు పెరిగింది. త్వరగా రమ్మంటోంది కాబోలనుకుని బుల్లబ్బాయి వేగం పెంచాడు.

ఆవిడ చేతులు టక్కున దించేసింది. ఊపితే వేగం పెంచుతాడు. ఒకవేళ అర్థమై వెనక్కి తిప్పితే మరీ అన్యాయం, తిరిగేటప్పుడు పడవ ప్రవాహానికి అడ్డం పడుతుంది. పడవవాడి పెళ్లానికి ఆ మాత్రం తెలుసు. దుంగ అడ్డం తిరిగినప్పుడు ఏమయిందో ఇంకా బాగా తెలుసు. కొంగు గుండెలకి అదుముకుని, కదిలితే ఏమవుతుందోనని బొమ్మలా నిలబడింది. ఆవిడ చెయ్యగలిగింది ఇక ఏమీ లేదు.

"వచ్చేస్తారండి, ఏం కాదు" అంది సారిక.

"ఆ మాటనకమ్మా! నీకు దణ్ణం పెడతాను, ఆ మాట మాత్రం అనకు" అని శ్యామలాంబ వలవల ఏడ్చింది.

నడి ఏట్లో పడవ ఒక పక్కకి ఒరిగింది. ఆడవాళ్ల అరుపులు నీళ్లమీద సన్నగా వినపడ్డాయి. పడవ వెనక ఏదో నల్లగా తేలుతోంది. సూరమ్మ గేదెపెయ్య. మగవాళ్లతో వదలకుండా తాడు కట్టి ఈదించుకుంటూ తెస్తోంది. పెయ్య సుడిలో పడి గింజుకుంటుంటే తాడు బిగిసి పడవ అంచు నీళ్లలోకి వాలుతోంది. ఎవరో వంగారు. కత్తి మెరిసినట్టయింది. తాడు తెగింది. పడవ ఒక్క ఊపు ఊగి లేచింది. నల్లటి తల ఓసారి పైకొచ్చి, మళ్లీ కనపడలేదు. వెనకాల బోర్డు మీద అరవై నాలుగు, అరవై ఐదు అని అంకె దాని మానాన అది ఎక్కిపోతోంది.

పడవ రేవుకి రాలేకపోయింది. కిందికి కొట్టుకుపోయి, ఇటుకబట్టీ దగ్గర తుప్పల్లో తగులుకుంది. శ్యామలాంబ బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. ముందు నాగదుర్గ కనపడింది. నడుం దాకా తడిసి, పిల్లని చీరకొంగులో చుట్టి గుండెకి కరుచుకుని ఉంది. పిల్ల కేరుకేరున ఏడుస్తోంది. ఆ ఏడుపు వినగానే శ్యామలాంబ అక్కడే బురదలో కూచుండిపోయింది.

అందరూ దిగారు. లెక్క సరిపోయింది. బుల్లబ్బాయి పళ్లు కొట్టుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఎంతయిందండి? పద్దెనిమిదేనా, ఇంకా పెరిగిందా? కిరణూ వాళ్లూ గొడ్లతో ఉన్నారు, గాలి తగ్గక్కర్లేదు, నేనిప్పుడే పోయి తెచ్చేస్తాను."

పడవ వైపు తిరుగుతున్న అతని కాళ్లు రెండూ పట్టేసుకుంది శ్యామలాంబ.

"ఎల్లకు బాబూ. నీరు పెరగలేదు. పదకొండే ఉంది. బోర్డు మీద ఇంకేదో అంకె చూసి నేనిచ్చేశాను. తప్పు నాదే."

సారిక వెనకాల వచ్చి అప్‌డేట్ గురించి చెప్పబోయిందిగాని రెండు ముక్కలకే తన మాట తనకే సిగ్గనిపించి ఆగిపోయింది. బుల్లబ్బాయి మొహం ఎర్రబడింది.

"ఏవండీ, ఇరవై ఏడుగురిని ఎక్కించుకొచ్చానండి! ఇంకో చెయ్యి నీళ్లెక్కితే అందరం పోయేవాళ్లం. తెలుసా మీకు? ఆయ్, తెలుసా?" అని అరిచి, పక్కకి వెళ్లి చెట్టుకి ఆనుకుని ఏడ్చాడు.

శ్యామలాంబ లేచింది. చేతిలో ఫోను అప్పటిదాకా వదల్లేదు. పడవ అంచున తెగిన తాడుముక్క పట్టుకుని నిలబడ్డ సూరమ్మ దగ్గరికి పోయి, ఫోను ఆవిడ చేతిలో పెట్టింది.

"నాకొద్దు వదినా, ఈ పని. పెయ్య పోయింది, రేపు మనిషి పోతాడు. నన్నెన్నైనా తిట్టు. ఎవరికైనా ఇచ్చుకోండి, నాకొద్దు."

సూరమ్మ తిట్టలేదు. తిడుతుందని అందరూ చూశారు, నాగదుర్గైతే పిల్లని ఇంకో చేతికి మార్చుకుని మధ్యకి రావడానికి సిద్ధమైంది. సూరమ్మ ఏటివైపు కాసేపు చూసి, ముక్కు చీదుకుని, తడిచేతుల్లో ఉన్న ఫోనుని వియ్యపురాలి కొంగు పిండి దాంతో తుడిచింది.

"పెయ్య పోయింది. ఆర్నెల్లకి చూడి కట్టేది, నా కడుపు మండతంది, మండదని చెప్పను. కానీ వదినా, మూడు రింగులిన్నాక మా ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. నీ కూతురు పాలిస్తున్న పిల్లని అలాగే ఎత్తుకుని పడవ దగ్గరికొచ్చింది. రేపు నిజంగా నీరొచ్చి, నీకు చెయ్యాడక, ఇద్దామా వద్దా అని నువ్వు కూచుంటే? అప్పుడు మేమెవర్నడగాలి? తప్పైనా ఇయ్యి. వస్తాం."

ఫోను తీసి శ్యామలాంబ గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసింది.

శ్యామలాంబకి ఆ మాటతో గుండె కుదుటపడుతుందని నాగదుర్గ అనుకుంది. కుదుటపడలేదు. తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని కొట్టి ఉంటే, ఆవిడ ఏడ్చి, ఆ పనికో నమస్కారం పెట్టి, బతికినన్నాళ్లూ పెసరట్లు పోసుకునేది. ఇప్పుడు ఆ దారి కూడా లేదు. రేపు తను మూడుసార్లు వేలు నొక్కితే మళ్లీ వీళ్లంతా, ఈ పిల్లతో సహా, మారుమాట్లాడకుండా ఏట్లోకి దిగుతారు. ఏటికంటే ఆ నమ్మకమే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

అందరినీ కొట్టులోకి తెచ్చి పొయ్యి రాజేసి వేడిగా ఉప్మా చేసి పెట్టింది. ఆవాలన్నీ మూకుట్లో కాక పొయ్యిలో పోసింది. సాయంత్రానికి గాలి తగ్గింది. లంకలో ఉన్న మగవాళ్లకి సంగతి చెప్పి ఈ రాత్రికి వాళ్లతో ఉంటానని బుల్లబ్బాయి ఒక్కడే పడవ తీశాడు. వెళ్తూ ఆవిడతో మాట్లాడలేదుగాని, ఆవిడ చూసేలా ఫోను తీసి ప్లాస్టిక్ సంచిలో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సారిక స్కూటర్ స్టార్ట్ చెయ్యబోతూ ఫోన్లో ఏదో వచ్చి చూసుకుంది. "పిన్నిగారూ, భద్రాచలంలో పెరుగుతోందంటండి. నిజంగానే. రేపు రాత్రికి ఇటొస్తది."

అందరి చూపులూ శ్యామలాంబ మీదకి తిరిగాయి.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి వెళ్లి, ఫోను చార్జింగుకి పెట్టి, దాని పక్కనే కింద కూచుంది.